ఇంటర్ మొదటి ఏడాది మార్కులు తగ్గితే సీటు ఎంత దూరమవుతుంది?

ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఫస్టియర్‌లోనే ఇలా ఉంటే ఇక ఇంజినీరింగ్ సీటు ఎక్కడొస్తుంది" అని ఒకరు, "ఎంట్రన్స్‌లో ర్యాంకు తెచ్చుకుంటే చాలు, ఇంటర్ మార్కులు ఎవరడుగుతారు" అని ఇంకొకరు. రెండింటిలోనూ సగం నిజమే ఉంది. ఒకే మెమోను, అంటే మార్కుల జాబితాను, ఇంజినీరింగ్ వంటి కోర్సులకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష అయిన ఈఏపీసెట్ ఏపీలో ఒకలా లెక్కేస్తుంది, తెలంగాణలో ఇంకోలా చూస్తుంది, ఐఐటీ, ఎన్ఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ మరోలా చూస్తుంది. కొన్ని ప్రవేశాలకైతే ఆ మార్కులతో పనే లేదు. కాబట్టి "మార్కులు తగ్గాయి, ఇప్పుడెలా" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఎక్కడ చేరాలనుకుంటున్నారో అక్కడి నియమాన్ని బట్టి జవాబు మారుతుంది.

మొదటి ఏడాది మెమోలో ఉన్నదేమిటి, లేనిదేమిటి

ఎంపీసీ గ్రూపులో రెండేళ్లకు కలిపి 1000 మార్కులు. మొదటి ఏడాది వాటా 470: ఇంగ్లీషు 100, రెండో భాష 100, గణితం ఒకటి-ఎ 75, ఒకటి-బి 75, ఫిజిక్స్ 60, కెమిస్ట్రీ 60. రెండో ఏడాదికి ఇవే పేపర్ల మీద రెండు ప్రాక్టికల్స్, ఒక్కోటి 30 చొప్పున కలిసి 530 అవుతుంది. బైపీసీలో మొదటి ఏడాది 440, రెండో ఏడాది 560. ప్రాక్టికల్స్ రెండో ఏడాదే కాబట్టి మొదటి ఏడాది సైన్సు మార్కులన్నీ రాత పరీక్షవే. అందుకే చాలామందికి మొదటి ఏడాది శాతం రెండో ఏడాదికన్నా తక్కువగా కనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2025-26లో మొదటి ఏడాది చేరినవారికి సిలబస్‌తో పాటు పేపర్ల అమరిక కూడా మారింది. గణితం రెండు పేపర్లు పోయి ఒక్కటైంది. కింద చూపే లెక్కలు 1000 మార్కుల పాత అమరికవి. కొత్త అమరిక వారు తమ మెమోలోని గరిష్ఠ మార్కులను పెట్టుకుంటే సరిపోతుంది, పద్ధతి మారదు.

మొదటి ఏడాది తప్పినా రెండో ఏడాది తరగతులు ఆగవు. ఆ పేపర్లు బ్యాక్‌లాగ్‌గా ఉంటాయి. వాటిని వేసవిలో జరిగే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలోనో, మరుసటి ఏడాది పబ్లిక్ పరీక్షల్లోనో రాయొచ్చు. అయితే రెండేళ్ల పేపర్లూ పాసైతేనే ఇంటర్ పాస్ సర్టిఫికెట్ వస్తుంది. రెండో ఏడాదిలో 500 దాటినా మొదటి ఏడాది ఫిజిక్స్ ఒక్కటి మిగిలిపోతే, ఏ కౌన్సెలింగ్‌లోనైనా ఆ విద్యార్థి ఇంటర్ పాస్ కానట్టే.

మార్కులను అడిగే తీరు మూడు రకాలు

ఒకటి, మార్కులను ర్యాంకులోనే కలిపే పద్ధతి. దీన్నే వెయిటేజీ అంటున్నాం. ఇక్కడ ప్రతి మార్కుకూ విలువ ఉంటుంది. రెండోది అర్హత గీత. ఇంత శాతం దాటారా లేదా అని మాత్రమే చూస్తారు. దాటితే 46 శాతమైనా 96 శాతమైనా ఒకటే. మూడోదానిలో పాసైతే చాలు, ఎంపికంతా ప్రవేశ పరీక్షదే.

గందరగోళం ఎక్కువగా రెండో రకంతోనే వస్తుంది. వెయిటేజీ తీసేశారన్న వార్త చదివి ఇంటర్ మార్కులతో పనిలేదని అనుకునేవారు చాలామంది ఉన్నారు. వెయిటేజీ పోయినా గీత పోలేదు.

ఏపీ ఈఏపీసెట్: 25 శాతం అంటే నిజంగా ఎన్ని మార్కులు

ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్ ర్యాంకులో ప్రవేశ పరీక్షకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం వాటా ఉంది. కొవిడ్ కాలంలో ఆపిన ఈ వెయిటేజీ 2023 నుంచి మళ్లీ అమల్లోకి వచ్చింది. గ్రూపు సబ్జెక్టులంటే ఎంపీసీకి గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ మాత్రమే. భాషలు కలవవు. మొదటి ఏడాది 270, ప్రాక్టికల్స్‌తో రెండో ఏడాది 330, మొత్తం 600. ఈఏపీసెట్ 160 మార్కులకు జరుగుతుంది, తప్పు జవాబుకు కోత లేదు.

సూత్రం ఇది: ఈఏపీసెట్ మార్కులను 160తో భాగించి 75తో గుణించాలి. గ్రూపు మార్కులను 600తో భాగించి 25తో గుణించాలి. రెండూ కలిపితే ర్యాంకు నిర్ణయించే స్కోరు. పరీక్ష చాలా విడతల్లో జరుగుతుంది కాబట్టి ఈఏపీసెట్ మార్కులు నార్మలైజ్ చేశాక, అంటే విడతల మధ్య తేడాను సరిచేశాక వచ్చేవి.

దీన్ని విప్పి చూస్తే, ఈఏపీసెట్‌లో ఒక మార్కు స్కోరుకు 0.469 చేరుస్తుంది. ఇంటర్ గ్రూపులో ఒక మార్కు 0.042 చేరుస్తుంది. అంటే సుమారు 11 ఇంటర్ మార్కులు ఈఏపీసెట్‌లో ఒక ప్రశ్నకు సమానం. ఈ ఒక్క నిష్పత్తి గుర్తుంటే చాలా సందేహాలు తీరిపోతాయి.

ఇద్దరు విద్యార్థులను తీసుకుందాం. మొదటి విద్యార్థికి మొదటి ఏడాది గ్రూపులో 270కి 120 వచ్చాయి. రెండో ఏడాది పుంజుకుని 330కి 290 తెచ్చుకున్నాడు. మొత్తం 410, అంటే 68.3 శాతం. ఈఏపీసెట్‌లో 70 మార్కులు. అతని స్కోరు 32.81, 17.08 కలిపి 49.90. రెండో విద్యార్థినికి రెండేళ్లూ నిలకడగా 250, 300 వచ్చాయి. మొత్తం 550. ఈఏపీసెట్‌లో 58 మాత్రమే. ఆమె స్కోరు 27.19, 22.92 కలిపి 50.10. ప్రవేశ పరీక్షలో 12 మార్కులు వెనకున్నా ర్యాంకులో ఆమే ముందుంటుంది. మొదటి ఏడాది నిర్లక్ష్యానికి ఆ అబ్బాయి కట్టిన ధర దాదాపు 12 ప్రశ్నలన్నమాట.

ఇప్పుడు అదే అబ్బాయి మొదటి ఏడాది ముగిసిన వేసవిలో ఇంప్రూవ్‌మెంట్ (పాసైన పేపర్లనే మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయడం) రాసి 120ని 165 చేసుకున్నాడనుకుందాం. పెరిగిన 45 మార్కులు స్కోరుకు 1.87 చేరుస్తాయి. మొత్తం 51.77 అవుతుంది, అతను ముందుకొస్తాడు. నాలుగు ప్రశ్నల విలువ. చిన్నదిగా అనిపించినా, ర్యాంకుల జాబితా మధ్యలో అభ్యర్థులు కిక్కిరిసి ఉంటారు. అక్కడ స్కోరులో స్వల్ప తేడాకే ర్యాంకు చాలా కదులుతుంది.

తెలంగాణ: వెయిటేజీ లేదు, గీత ఉంది

తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇంటర్ వెయిటేజీని శాశ్వతంగా తొలగించింది. అప్పటి నుంచి ర్యాంకు పూర్తిగా ఈఏపీసెట్ మార్కులతోనే. పై ఉదాహరణలోని అబ్బాయి తెలంగాణలో రాస్తే 70 మార్కులతో నేరుగా ముందుంటాడు. మొదట తడబడి తర్వాత పుంజుకున్న విద్యార్థికి ఈ పద్ధతి మేలు చేస్తుంది.

కానీ బీటెక్‌లో చేరడానికి గ్రూపు సబ్జెక్టుల్లో కలిపి 45 శాతం ఉండాలి. బీసీ, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 40 శాతం. పాస్ మార్కు 35 శాతం, అర్హత 45 శాతం. ఈ రెండింటి మధ్య పడినవారే చిక్కుల్లో పడతారు.

ఉదాహరణకు ఒక అమ్మాయి మొదటి ఏడాది అన్నిట్లో అంచు మీద పాసై 270కి 95, రెండో ఏడాది 330కి 160 తెచ్చుకుంది. మొత్తం 255, అంటే 42.5 శాతం. ఇంటర్ పాసైంది. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ఆమె బీసీ అయితే 240 దాటింది కాబట్టి సీటుకు అర్హురాలు. ఓసీ అయితే 270కి 15 మార్కులు తక్కువ, ర్యాంకు చేతిలో ఉన్నా సీటు రాదు. కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల పరిశీలన దాకా వెళ్లాక ఇది తెలియడం ఎంత బాధాకరమో చెప్పనక్కర్లేదు. నిజానికి ఈ లెక్క మొదటి ఏడాది మెమో రాగానే వేసుకోవచ్చు: గీత 270, ఇప్పటికి వచ్చినవి 95, కాబట్టి రెండో ఏడాదిలో 330కి కనీసం 175 కావాలి. ఈ గీత ఏపీలోనూ ఉంది. అక్కడ వెయిటేజీ గురించిన చర్చలో ఇది మరుగున పడుతుంది.

జేఈఈ, నీట్: ఏ ఏడాది మార్కులు చూస్తారు

జేఈఈ మెయిన్, అడ్వాన్స్‌డ్ ర్యాంకుల్లో ఇంటర్ మార్కులు కలవవు. కానీ ఐఐటీ, ఎన్ఐటీ సీటుకు ఐదు సబ్జెక్టుల్లో కలిపి 75 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65 శాతం ఉండాలి. లేదంటే తమ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో, అంటే పైనున్న 20 శాతం మందిలో నిలవాలి. మొదటి ఏడాది మార్కులు తగ్గిన తెలుగు విద్యార్థులు ఇక్కడే అనవసరంగా ఆశ వదులుకుంటుంటారు. జేఈఈ అడ్వాన్స్‌డ్ బ్రోచర్‌లో ఇచ్చే నియమం ప్రకారం, బోర్డు రెండేళ్ల మార్కులు కలిపి ఇచ్చినా ఈ శాతానికి చివరి ఏడాది మార్కులనే తీసుకుంటారు. మొదటి ఏడాది పేపర్లు పాసై ఉండాలి, అంతే.

ఐదు సబ్జెక్టులంటే గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఒక భాష, వీటికి తోడు ఎక్కువ మార్కులొచ్చిన ఇంకో సబ్జెక్టు. మన బోర్డుల్లో ఆ ఐదోది రెండో భాషే అవుతుంది. ప్రతి సబ్జెక్టునూ 100కి మార్చి లెక్కిస్తారు. రెండో ఏడాది గణితంలో 150కి 105 వస్తే 70. ప్రాక్టికల్‌తో ఫిజిక్స్ 90కి 68 వస్తే 75.6. కెమిస్ట్రీ 90కి 70 వస్తే 77.8. ఇంగ్లీషు 82, సంస్కృతం 96. మొత్తం 401.4, అంటే 80 శాతం. గణితం 75 కిందున్నా భాషలు లేవనెత్తాయి. భాషా పేపర్లను చివరి వారంలో చూసుకుందామనుకునే జేఈఈ విద్యార్థులు ఈ లెక్కను ఒక్కసారి చూడాలి.

జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయొచ్చు. ఇంటర్ రెండో ఏడాది పరీక్షకు మొదటిసారి హాజరైన సంవత్సరంతోనే ఆ గడియారం మొదలవుతుంది. పరీక్షలు మళ్లీ రాసినా, ఇంకో బోర్డుకు మారినా అది వెనక్కి తిరగదు. జేఈఈ మెయిన్‌కు మూడు వరుస సంవత్సరాలు ఉంటాయి.

హైదరాబాద్ క్యాంపస్ ఉన్న బిట్స్ పిలానీది ఇంకో గీత. మూడు గ్రూపు సబ్జెక్టుల్లో కలిపి 75 శాతం, ఒక్కోదానిలో కనీసం 60 ఉండాలి. ఎంపిక మాత్రం దాని సొంత ప్రవేశ పరీక్ష బిట్‌శాట్ స్కోరుతోనే.

వైద్య కోర్సుల ప్రవేశ పరీక్ష నీట్ సంగతి సులువు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలో కలిపి జనరల్ అభ్యర్థులకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం ఉంటే చాలు. ర్యాంకంతా నీట్ స్కోరే.

మార్కులకన్నా పెద్ద నష్టం సిలబస్‌లో

ఇంతవరకు చెప్పినదంతా మెమో గురించి. మొదటి ఏడాది బలహీనంగా గడిచిన విద్యార్థికి అసలు దెబ్బ ప్రశ్నపత్రంలో తగులుతుంది. ఈఏపీసెట్, జేఈఈ, నీట్ మూడూ రెండేళ్ల సిలబస్ మీద జరుగుతాయి. వెయిటేజీ లేని తెలంగాణలో కూడా, మొదటి ఏడాది పాఠాలు రాని విద్యార్థి ప్రశ్నపత్రంలో పెద్ద భాగాన్ని వదులుకునే పరీక్ష హాల్లోకి వెళ్తున్నాడు. ఈ మాట ఫలితాల రోజు ఎవరూ చెప్పరు. కానీ ఉన్నవాటిలో ముఖ్యమైనది ఇదేనని నా అభిప్రాయం.

పైగా రెండో ఏడాది పాఠాలు మొదటి ఏడాది పాఠాల మీదే నిలబడతాయి. గణితం ఒకటి-బిలో లిమిట్స్, డిఫరెన్షియేషన్ రాకపోతే రెండు-బిలో ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అర్థం కావు. సరళరేఖలు పట్టుబడకపోతే వృత్తం, పరావలయం, దీర్ఘవృత్తం మోయలేని భారమవుతాయి. ఒకటి-ఎలోని త్రికోణమితి సూత్రాలు ఇంటిగ్రేషన్‌లో అడుగడుగునా కావాలి, డిమోయర్ సిద్ధాంతానికీ కావాలి. ఫిజిక్స్‌లో బలాలు, పని-శక్తి, డోలనాలు తెలియకుండా తరంగాలు, విద్యుత్ క్షేత్రాలు చదవడం కష్టం. కెమిస్ట్రీలో మోల్ లెక్కలు, రసాయన బంధం, ఆర్గానిక్ కెమిస్ట్రీ మూల సూత్రాలు మొదటి ఏడాదివే. ద్రావణాలు, ఎలక్ట్రోకెమిస్ట్రీ, ఆల్డిహైడ్లు, అమైన్లు వాటి మీద కట్టినవి.

అయితే అన్ని పాఠాలదీ ఒకే బరువు కాదు. రెండు-ఎలోని ప్రస్తారాలు-సంయోగాలు, సంభావ్యత, ద్విపద సిద్ధాంతం మొదటి ఏడాదితో పెద్దగా సంబంధం లేకుండా కొత్తగా మొదలవుతాయి. వెనకబడిన విద్యార్థికి ఆత్మవిశ్వాసం తిరిగి రావడానికి ఇలాంటి పాఠాలే ఆసరా. వాటితో పాటు డిఫరెన్షియేషన్, సరళరేఖలు, త్రికోణమితి, మోల్ లెక్కలు, న్యూటన్ నియమాలను ముందు సరిచేసుకుంటే మిగతావి నిదానంగా అందుకోవచ్చు. మొదటి ఏడాది పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టినవారు తరచుగా మధ్యలోనే ఆగిపోతారు, ఎందుకంటే ఆ సమయంలో రెండో ఏడాది తరగతులు వాళ్ల కోసం ఆగవు.

ఇంప్రూవ్‌మెంట్: నియమం, సమయం, జరిగే పొరపాట్లు

మొదటి ఏడాది అన్ని పేపర్లూ పాసైనా మార్కులు చాలలేదనుకునేవారు వేసవి సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ రాయొచ్చు. అన్ని పేపర్లూ రాయాల్సిన పనిలేదు, కావాల్సిన వాటికే ఫీజు కట్టవచ్చు. రెండుసార్లలో ఏది ఎక్కువైతే అదే నిలుస్తుంది. తగ్గితే పోయేదేమీ లేదు. ఈ ఒక్క విషయం తెలియక, "మళ్లీ రాస్తే ఉన్నవి కూడా పోతాయేమో" అన్న భయంతో వెనక్కి తగ్గే కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

ఏ పేపర్ రాయాలన్నది లెక్క ప్రకారం తేల్చుకోవచ్చు. గణితంలో 75కి 30 వచ్చినవారికి ఇంకా 45 మార్కుల చోటుంది. ఫిజిక్స్‌లో 60కి 42 వచ్చినవారికి 18 మాత్రమే. ఏపీ వెయిటేజీ కోసమైనా, 45 శాతం గీత కోసమైనా గ్రూపు పేపర్లే పనికొస్తాయి. ఇంగ్లీషులో ఇంప్రూవ్‌మెంట్ రాసినా ఈఏపీసెట్‌కు ఒక్క మార్కూ చేరదు. డిగ్రీ ప్రవేశాలకు మాత్రం మొత్తం ఇంటర్ మార్కులు చూస్తారు కాబట్టి అక్కడ భాషలూ విలువైనవే.

గణితం పేపర్ అమరిక ఇక్కడ కలిసొస్తుంది. పాత అమరికలో రెండు మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఏడింటిలో ఐదు, ఏడు మార్కులవి ఏడింటిలో ఐదు. అంటే 75లో 35 మార్కులు దీర్ఘ సమాధానాలవే. ఒకటి-బిలో ఆ ఏడు ప్రశ్నలు సాధారణంగా సరళరేఖలు, సరళరేఖాయుగ్మాలు, దిక్ కొసైన్లు, డిఫరెన్షియేషన్, స్పర్శరేఖలు, గరిష్ఠ-కనిష్ఠ విలువల నుంచి వస్తాయి. సరళరేఖాయుగ్మాల నుంచి రెండు ఉంటాయి. ఈ ఆరు చోట్ల పట్టు వస్తే పేపర్ దాదాపు సగం చేతికొచ్చినట్టే, ప్రవేశ పరీక్షకూ అవే పాఠాలు ఉపయోగపడతాయి.

పొరపాట్లు ఎక్కువగా సమయం దగ్గర జరుగుతాయి. ఫలితాలొచ్చాక ఫీజు గడువు రోజుల్లోనే ముగుస్తుంది. ఇంట్లో బాధపడుతూ, కాలేజీకి వెళ్లడానికి మొహమాటపడుతూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు చేసి, ఆ ఫలితం కోసం ఎదురుచూస్తూ సప్లిమెంటరీ ఫీజు కట్టకపోవడం ఇంకో పొరపాటు. రీకౌంటింగ్‌లో మార్కుల కూడిక చూస్తారు. రీవెరిఫికేషన్‌లో దిద్దకుండా వదిలేసిన జవాబులున్నాయా అని చూస్తారు. పేపర్‌ను మొదటి నుంచి మళ్లీ దిద్దరు. ఈ రెండింటినీ సప్లిమెంటరీకి బదులుగా కాక, దానితో పాటు చేసేవిగా చూడాలి.

మూడో పొరపాటు వాయిదా. "రెండో ఏడాదితో కలిపి రాద్దాం" అనుకుంటే పబ్లిక్ పరీక్షల్లో మొదటి, రెండో ఏడాది పేపర్లు రోజు విడిచి రోజు వస్తాయి. బ్యాక్‌లాగ్ ఉన్నవారికి మధ్యలో ఖాళీ రోజు దొరకదు. అదీ దాటి రెండో ఏడాది తర్వాతి సప్లిమెంటరీ దాకా పోతే ఉదయం మొదటి ఏడాది పేపర్, మధ్యాహ్నం రెండో ఏడాది పేపర్ ఒకే రోజు రాయాల్సి రావచ్చు. అది ప్రవేశ పరీక్షల కాలం కూడా. అందుకే ఇంప్రూవ్‌మెంట్ విలువ ఎప్పుడు రాస్తున్నామన్నదాని మీద ఆధారపడుతుంది. మొదటి ఏడాది ముగిసిన వేసవిలో నాలుగు ప్రశ్నల లాభం దాదాపు ఉచితం. రెండో ఏడాది చివర అదే లాభం కోసం ఈఏపీసెట్ చదువును వదిలితే నష్టమే ఎక్కువ కావచ్చు. అక్కడ 45 శాతం గీత దాటడానికో, బ్యాక్‌లాగ్ తీరడానికో అయితే మాత్రం తప్పదు.

ఫలితాల రోజుల్లో పిల్లలు మౌనంగా ఉంటే మార్కుల లెక్క పక్కన పెట్టి ముందు వాళ్లతో మాట్లాడాలి. టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంటర్ పొసగకపోతే పాలిటెక్నిక్ లెక్క

కొందరికి సమస్య మార్కుల్లో ఉండదు, చదువుతున్న పద్ధతిలో ఉంటుంది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయడానికి పదో తరగతి చాలు కాబట్టి ఇంటర్ మొదటి ఏడాది పోగొట్టుకున్నవారికీ ఆ దారి తెరిచే ఉంటుంది. డిప్లొమా మూడేళ్లు. ఆ తర్వాత డిప్లొమా వారి ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో మూడేళ్లు. మొత్తం ఆరు. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు కలిపినా ఆరే. అంటే పోయేది మొదట గడిపిన ఆ ఒక్క సంవత్సరమే, చేతిలో డిప్లొమా అదనం.

ఈసెట్ 200 మార్కులకు ఉంటుంది: గణితం 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, బ్రాంచి సబ్జెక్టు 100. సగం మార్కులు డిప్లొమాలో చదివిన ఇంజినీరింగ్ మీదే. ఇక్కడా డిప్లొమాలో 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం గీత ఉంది. ఇబ్బందల్లా ఇలా నేరుగా రెండో ఏడాదిలో చేరే లేటరల్ ఎంట్రీ సీట్లు తక్కువగా ఉండటం, కోరిన కాలేజీలో కోరిన బ్రాంచికి పోటీ గట్టిగా ఉండటం. ఇంటర్‌లో గణితం కష్టమై వెళ్లినవారికి గణితం తప్పదని కూడా గుర్తుంచుకోవాలి. అది డిప్లొమాలోనూ ఉంది, ఈసెట్‌లోనూ ఉంది.

రెగ్యులర్ కాలేజీకి వెళ్లలేనివారికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠాలు, జాతీయ సంస్థ ఎన్ఐఓఎస్ ఉన్నాయి. ఎన్ఐఓఎస్‌లో ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు దొరుకుతాయి.

డిగ్రీ, లా, కేంద్రీయ విశ్వవిద్యాలయాలు

డిగ్రీ సీట్లు తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా భర్తీ అవుతాయి. ప్రవేశ పరీక్ష లేదు కాబట్టి ఇంటర్ మార్కులే మెరిట్. పేరున్న ప్రభుత్వ, స్వయంప్రతిపత్తి కాలేజీలో బీకామ్ కోరుకునే విద్యార్థికి మొదటి ఏడాది మార్కులు ఇంజినీరింగ్ ఆశించేవారికన్నా ఎక్కువ ముఖ్యం. దీన్ని గమనించేవారు తక్కువ.

దీనికి పూర్తి భిన్నమైన దారి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలు దీనితో జరుగుతున్నాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఒకప్పుడు పన్నెండో తరగతి మార్కుల కటాఫ్‌తో సీట్లిచ్చేది. ఇప్పుడు సీయూఈటీ స్కోరు చూస్తుంది, ఇద్దరికి సమానమైతేనే బోర్డు మార్కులు తీస్తుంది. మొదటి ఏడాది వెనకబడిన తెలుగు విద్యార్థికి ఇది మంచి అవకాశం, ఇంజినీరింగ్ హోరులో కనపడటం లేదంతే.

లా కోసం ఐదేళ్ల కోర్సుకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్ రాయాలంటే ఇంటర్‌లో ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం కావాలి. నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ అనే వేరే ప్రవేశ పరీక్ష ఉంది. దాని ర్యాంకులోనూ ఇంటర్ మార్కులు కలవవు.

వెయిటేజీ ఉండాలా, వద్దా

రెండు రాష్ట్రాలు రెండు దారులు పట్టాయి. రెండింటి వెనుకా గట్టి కారణాలున్నాయి.

వెయిటేజీ వద్దనేవారు మొదట చూపేది బోర్డుల తేడా. రాష్ట్ర బోర్డు, సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఓపెన్ స్కూల్ మార్కులను ఒకే కొలతతో కొలవడం కష్టం. సీబీఎస్‌ఈ సర్టిఫికెట్‌లో పన్నెండో తరగతి మార్కులే ఉంటాయి. పదకొండులో తడబడిన విద్యార్థికి ఆ ఏడాది సర్టిఫికెట్‌లో కనపడదు. అదే ఏడాది రాష్ట్ర బోర్డులో తడబడినవారికి మెమోలో నిలిచిపోతుంది. ఇద్దరూ ఒకే ర్యాంకు జాబితాలో పోటీపడటం న్యాయమా అన్నది బలమైన ప్రశ్న. పదహారేళ్లకు ఊరు మారి, హాస్టల్ మారి, తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషుకు మారి తడబడిన పిల్లల మీద ఆ ముద్ర ఎందుకన్నది రెండో వాదన.

కావాలనేవారి మాటా కొట్టిపారేయలేం. మూడు గంటల పరీక్ష ఒక్కటే రెండేళ్ల చదువును తూచలేదు. ఆ రోజు జ్వరమొస్తే అంతే. కోచింగ్ ఫీజు కట్టలేని ప్రభుత్వ జూనియర్ కాలేజీ విద్యార్థికి పాఠ్యపుస్తకం చదివి తెచ్చుకున్న బోర్డు మార్కులే కాస్త ఆసరా. వెయిటేజీ లేకపోతే కాలేజీలు ల్యాబ్‌లను, వివరణాత్మక జవాబులను పక్కన పెట్టి బిట్ల సాధనకే పరిమితమవుతాయన్న ఆందోళన కూడా ఉంది.

లెక్క చూస్తే, తడబడినవారికి ఏపీ పద్ధతి శాశ్వత శిక్ష కాదు. ఇంప్రూవ్‌మెంట్ ఉంది, 11 మార్కులకు ఒక ప్రశ్న నిష్పత్తి ఉంది. తెలంగాణ పద్ధతి వారికి మెమోను మాఫీ చేస్తుంది, సిలబస్‌ను కాదు. బోర్డుల మధ్య తేడాను సరిచేయకుండా మార్కులను నేరుగా కలపడం మాత్రం నాకు సమర్థనీయంగా అనిపించదు.

సీటు వచ్చాక ఆ మార్కులు ఎక్కడ కనిపిస్తాయి

బీటెక్‌లో చేరాక ఇంటర్ మార్కులు మళ్లీ ఎదురయ్యేది క్యాంపస్ నియామకాల్లో. పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం అడిగే కంపెనీలు ఉన్నాయి. ఇంటర్ అంటే రెండేళ్ల మొత్తం, 1000కి 600. మొదటి ఏడాది 470కి 230 వచ్చినవారికి రెండో ఏడాది 530కి 370 కావాలి. ఇది అందుకోదగ్గ లెక్కే. ఐసెట్ ద్వారా ఎంసీఏ, ఎంబీఏకు వెళ్లేవారికి డిగ్రీ మార్కులే అర్హత, ఇంటర్ మొదటి ఏడాదితో పని ఉండదు.

అమెరికాలో డిగ్రీకి దరఖాస్తు చేసేవారికి మాత్రం తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ల రికార్డు అడుగుతారు. అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో తొమ్మిదో తరగతి జీపీఏ (గ్రేడ్ల సగటు) గురించి ఇదే ఆందోళన వినిపిస్తుంది. ఉదాహరణకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా తన జీపీఏ లెక్కలో పది, పదకొండు తరగతుల గ్రేడ్లనే తీసుకుంటుంది. తొమ్మిదిలో కోర్సు పూర్తిచేశారా అని చూస్తుంది తప్ప ఆ గ్రేడ్‌ను సగటులో కలపదు. అక్కడి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, నిర్ణీత జీపీఏ, కోర్సులు పూర్తిచేస్తే డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లలో ఒకదానికి బదిలీ హామీ ఒప్పందం కుదుర్చుకోవచ్చు. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో ఆ హామీలో లేవు. వాటికి బదిలీ దరఖాస్తు మామూలు పోటీలోనే వెళ్తుంది.